మా అమ్మను నిలబెట్టిన ఆదివారం

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు మూసాపేటలో మా చర్చి ఒక రేకుల షెడ్డు... ఎండాకాలం ఆరాధనంటే పైన రేకులు, కింద మనుషులు కలిసి ఉడకడమే.

మా నాన్న ఏసోబు సెంట్రింగ్ పనికి వెళ్ళేవారు. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఒకరోజు అక్కడ పరంజా విరిగి కిందపడ్డారు. తుంటి ఎముక విరిగింది. దవాఖాన నుంచి ఇంటికి పంపేశాక మంచానికే పరిమితమయ్యారు.

అప్పుడే మా చర్చికి ఒక ప్రసంగికుడు వారం రోజుల కూటాలకని వచ్చాడు. 'గారు' అనడానికి నాకు నోరు రాదు, ఏమనుకోకండి. మొదటి ఆదివారం ప్రసంగమంతా ఒకటే మాట... దేవుడు మాటిస్తే తప్పడు. నమ్మినవాళ్ళకు ఇల్లు, వాకిలి, బండి అన్నీ ఇస్తాడు. రాలేదంటే లోపం మీలోనే ఉంది...

అంతటితో ఆగినా బాగుండేది. ముందు వరుసలో ఉన్న మా అమ్మ వైపు వేలు చూపించాడు.

"ఏమ్మా, మీ ఆయన పడిపోయాడటగా? లేచి నిలబడండి. మీ ఇంట్లో దాచిన పాపమేదో ఉంది. ఒప్పుకోండి, దీవెనకు అడ్డు తొలగిపోతుంది."

అమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. నేను ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని కూర్చున్నాను. అమ్మ మెల్లగా అంది.

"ఒకనాడు నల్లా కాడ... పక్కింటి సరోజక్క బిందె జరిపి మా బిందె వెట్టిన అయ్యా."

అందరూ "స్తోత్రం" అన్నారు.

ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోతుంది. ఏ పాపమూ చేయని మనిషి, వెతుక్కుని వెతుక్కుని, ఒక బిందె నీళ్ళను పాపమని చెప్పుకుంది... నలుగురి ముందు!

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. సరోజక్క దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగింది. సరోజక్క మా చర్చి మనిషి కాదు, ఏటా అమ్మవారికి బోనం ఎత్తే మనిషి. నాన్న పడ్డప్పటి నుంచి మాకు పొద్దునా రాత్రీ వండి పంపేది ఆవిడే.

"గంత దానికే మొగుడు మంచాన పడ్తడా? ఏంది సుశీలా! నీ బిందె నేను ఎన్నిసార్లు జరిపిన్నో నీకు తెల్వదా? మా ఆయన గట్టిగనే ఉన్నడు గదా!"

అమ్మ నవ్వలేదు. గోడకు ఇవతల, మా ఇంట్లో మంచంమీద నుంచి నాన్న అంతా విన్నారు.

మరుసటి ఆదివారం "నన్ను ఆటో ఎక్కియ్యండ్రి" అన్నారు. సరోజక్క భర్త తన ఆటోలో దించి, చివరి వరుస దాకా మోసుకెళ్ళి కూర్చోబెట్టాడు. సాక్ష్యాలు చెప్పే సమయానికి నాన్న చెయ్యెత్తారు. గోడ పట్టుకుని సగం లేచారు.

"అయ్యా, నేను పడ్డది పరంజా కట్టెలు పుచ్చిపోయి. మార్చమని మేస్త్రీకి చెప్పినం, మార్చలే. నా భార్య బిందె జరిపినందుకు కాదు. ఆమెను నలుగురిల నిలవెట్టుడు దేవుని పని గాదు."

గోడ మీది చెయ్యి తీయకుండానే మళ్ళీ అందుకున్నారు.

"దేవుడు మాట తప్పిండని నేను అంటలేను. నేను పడ్డకాడి నుంచి నా పిల్లలు ఒక్క పూట పస్తు లేరు. సరోజక్కతోని అన్నం పంపిండు. ఆయన మాట నిలవెట్టుకున్నది గట్ల. ఇల్లు ఇస్తడా, ఇయ్యడా... గది దేవునికి, నాకు ఉన్న ముచ్చట. నడుమ నువ్వు రాకు."

ప్రసంగికుడు బైబిలు మూసి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. మా పాస్టరయ్య తల దించుకున్నారు. అమ్మ లేచి వెళ్ళి నాన్న భుజం పట్టుకుంది. ఆటోలో దారంతా ఏడుస్తూనే ఉంది, కానీ ఇంటికెళ్ళాక అందరితో కలిసి అన్నం తింది.

సొంత ఇల్లు రాలేదు. నాన్న కాలు మళ్ళీ సరిగ్గా నిలవలేదు. ప్రార్థన మాత్రం మానలేదాయన. కిరాయి ఇంట్లోనే కన్నుమూశారు.

ఇప్పుడు నాకు ఐటీ ఉద్యోగం, నల్లగండ్లలో ఫ్లాటు. మొన్న మా అపార్ట్‌మెంట్‌ వాళ్ళతో హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద హాల్లో ఆరాధనకు వెళ్ళాను. "సిస్టర్, దేవుడు మీకిచ్చిన ఫ్లాట్ గురించి సాక్ష్యం చెప్పండి" అంటూ మైకు చేతికిచ్చారు.

"దీవెనంటే ఫ్లాటే అయితే, మా నాన్నను దేవుడు దీవించలేదా అండి?" అని మొదలుపెట్టాను. పరంజా దాకా వచ్చానో లేదో, మైకు మూగబోయింది. "టైమ్ అయిపోయింది సిస్టర్" అని ఒకతను నవ్వుతూ లాగేసుకున్నాడు. వెంటనే కీబోర్డు మోగింది...

ఆ రోజుల్లో మనుషులు మా అమ్మను ఏడిపించారు, నిజమే. కానీ ఎదురు చెప్పిన నాన్నను కూడా చివరి మాట దాకా వినే ఓపిక వాళ్ళకుండేది. ఇప్పుడు నవ్వుతూనే నోరు నొక్కేస్తున్నారు...

మీ ఇంట్లో వాళ్ళను కూడా ఎవరైనా ఇలా నిలబెట్టి, లేని పాపం ఒప్పించారా? కింద రాయండి. పూర్తిగా రాయండి... ఇక్కడ ఎవరూ మైకు లాక్కోరు.