కుంట చూసి పడుకున్న ఊరు

ఉదయం ఆరూ నలభైకి పాలు పొంగుతుండగా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, ఇంట్ల మోకాలు మట్టుకు నీళ్లొచ్చినయ్‌రా. కుంటల మాత్రం అడుగు కనవడుతుంది."

అది 2010 వానాకాలం. బావ పోయి ఏడాది. ఆ ఇంట్లో అక్క ఒక్కతే.

ఏడున్నరకు అఫ్జల్‌గంజ్‌లో శంషాబాద్ బస్సు ఎక్కాను. కాటేదాన్ దగ్గర రోడ్డు మునిగి అరగంట ఆగాం. పక్కనున్నాయన కొత్త గోదాములో హమాలీ. "మా యార్డంత సిమెంటేనన్నా, చుక్క నిల్వదు," అన్నాడు. ఆ చుక్క ఎటు పోతుందని అడిగాను. "గది నా డ్యూటీ కాదు," అని నవ్వాడు.

శంషాబాద్‌లో షేర్ ఆటో పట్టి తొండుపల్లి దాటి దిగేసరికి తొమ్మిదిన్నర. వానలో వెళ్లేవారికి చివరి కిలోమీటరు నడకే.

అక్క గడపలో నిలబడి నీళ్లు ఎత్తిపోస్తోంది. ఆ ఊళ్లో వాన పట్టిన సాయంత్రం కట్టెక్కి కుంట చూస్తారు. అడుగు కనిపిస్తే నిశ్చింతగా పడుకుంటారు. రాత్రి అక్కా అదే చేసింది. కుంటకు నీరు తెచ్చే కాలువను పూడ్చి, పైన పొలాల్లో ప్లాట్లు వేస్తున్న వెంచర్ వాళ్లు రోడ్డు వేశారు. పొలాల్లో ఇంకి, కుంటలో ఆగాల్సిన నీరు ఆ రోడ్డు మీదుగా ఇళ్లలోకి వచ్చింది.

ఇద్దరం వెంచర్ గేటుకు వెళ్లాం. సూపర్‌వైజర్ బూట్లు మునిగే నీళ్లలో నిలబడి మర్యాదగానే మాట్లాడాడు. "ఇక్కడ కాలువేమీ లేదండీ. మా ప్లాన్‌లో లేదు."

"మరి నీ బూట్లల్ల ఉన్నదేంది బిడ్డా?" అంది అక్క.

కాలువ తెరవాలంటే పైవాళ్లను అడగాలన్నాడు. పైవాళ్ల పేరు చెప్పలేదు. నీరు పల్లానికి పోతుందని తెలియనివాళ్లు ఆ ప్లాన్ గీయలేదు. తెలిసే గీశారు.

నాతో పట్నం రమ్మన్నాను. "నారు ఎదిగింది. కుంట నిండకుంటే నాటెట్ల? కాలువ తెరిపియ్యనిదే నేను యాడికి రాను," అంది.

కుంట నిండి మత్తడి మీదుగా పొర్లితే బావ సైకిలేసుకుని కింది ఊరికి కబురు చెప్పేవాడు. వాళ్లు తమ కట్టకు కాపలా పెట్టుకుని, ఆయనకు కల్లు పోసేవారు. "కల్లు కోసమే ఉరుకుతుండె మీ బావ," అని అక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది.

నాలుగింటికి తిరుగు బస్సు. కాటేదాన్ రాగానే మళ్లీ వాన. అక్కకు ఫోన్ చేశాను.

"ఇప్పుడే కుంట చూసొచ్చిన. ఏం లేదు," అంది.

"కుంట కాదక్కా, రోడ్డు చూడు."

"అలవాటురా. ఇగ చూస్త."

కింది ఊరివాళ్లూ ఆ సాయంత్రం తమ కుంటే చూసి ఉంటారు. పై నుంచి వాళ్లకు కబురు చెప్పడానికి ఇప్పుడు ఎవరూ పోవడం లేదు.