అయిదు కిలోల పేరు

కాసమ్మకు కోపం ఎక్కువని వాడలో అందరూ అంటారు. అనేవాళ్ళకేం పోయింది! గోపాల్‌పూర్ దగ్గరి పల్లెలో ఎండుచేపలు కొని, గంపకెత్తుకుని చికిటికీ అస్కాకీ తిరిగి అమ్ముకుని బతికే మనిషి ఆమె. బస్సులో కండక్టరు ముక్కు మూసుకుని వెనక సీటు చూపిస్తే, "మీ ఇంట్లో సేపలకూర వొండిన దినం బయటికి పారిపోతావేటి?" అని అడుగుతుంది. అడగాలి కూడా. అడక్కపోతే ఆ వెనక సీటు కూడా ఇవ్వరు.

మొగుడు అప్పలరాజు గుజరాత్ బోట్ల మీద పనికి పోయి, తిరిగొచ్చేటప్పుడు ఇంకో ఆడమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. కాసమ్మ పుట్టింటి వాడకు వచ్చేసింది. కూతురు పావనిని మాత్రం అత్త కూర్మమ్మ పంపలేదు. రెండేళ్ళు బరంపురం కోర్టు చుట్టూ తిరిగి తిరిగి కాసమ్మ పిల్లను తెచ్చుకుంది. అప్పటికి పావనికి ఎనిమిదేళ్ళు. ఎడమ చెవిలోంచి చీము కారుతోంది. ఎన్నాళ్ళనించి అని అడిగితే పిల్ల చెప్పలేకపోయింది. రాత్రుళ్ళు నొప్పి పెడితే తలకింద చెయ్యి పెట్టుకుని పడుకునేదట.

బరంపురంలో చెవి డాక్టరు చూశాడు. చీము ఎముకలోకి పాకుతోందనీ, తొందరగా ఆపరేషన్ చెయ్యకపోతే ఆ చెవి పోతుందనీ, ప్రాణానికీ ముప్పేననీ చెప్పాడు. సర్కారు ఆరోగ్య కార్డుంటే పైసా ఖర్చుండదన్నాడు. కాసమ్మకు ప్రాణం లేచొచ్చింది. కార్డు తనకుంది. పావనికీ ఉంది. కానీ పావని పేరు కూర్మమ్మ ఇంటి కార్డులో ఉంది. ఆ కార్డు మీద ఆపరేషన్ కావాలంటే ఆ ఇంటివాళ్ళు రావాలి. కాసమ్మ సిగ్గు విడిచి అత్త గుమ్మం ముందు నిలబడింది.

"కోర్టుకెల్లి గెలిసినావు గదా! ఎల్లి నీ కోర్టునే అడుగు," అంది కూర్మమ్మ, చేపలు తోముతూ, తల కూడా ఎత్తకుండా.

సరే, పేరు తన కార్డులోకే మార్పించుకుందామని కాసమ్మ ఆఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా ప్రద్యుమ్న తెలుగువాడే. మాటలో ఒడియా కలుస్తుంది. మాట మెత్తన, పని మాత్రం కదలదు. రేషన్ కార్డులో ఎవరుంటే ఆరోగ్య కార్డులో వాళ్ళే ఉంటారని చెప్పాడు. ముందు అక్కడ పేరు కొట్టేయించాలి, అందుకు కాగితం మీద ఇంటిపెద్ద వేలిముద్ర కావాలి. రేషన్ కార్డులో ఇంటిపెద్దంటే ఇంట్లోని పెద్దావిడ, అంటే కూర్మమ్మే. కాసమ్మ కోర్టు కాగితం బల్లమీద పరిచింది.

"పిల్ల నీ దగ్గర ఉండాలని జడ్జిగారు రాశారమ్మా. పేరు ఎక్కడుండాలో రాయలేదు. హెబొ నాహి, అవ్వదు."

"పిల్ల నా కాడ, పేరు ఆల కాడ. మరి రోగం ఎవుల కాడుందండి బాబూ?"

ప్రద్యుమ్న ఫైలు మూసేశాడు.

కూర్మమ్మ పేరెందుకు వదలదో వాడలో చిన్నపిల్లలకీ తెలుసు. కార్డులో ఒక్కో పేరుకు నెలకు అయిదు కిలోల బియ్యం. పిల్ల లేకపోయినా పిల్ల పేరు బియ్యం తెస్తోంది. కాసమ్మ తగువు కులపెద్దల దగ్గర పెట్టింది. వాళ్ళు తలో బీడీ కాల్చి, అత్తాకోడళ్ళ గొడవల్లో మేం తలదూర్చమని లేచిపోయారు. అదే గొడవ వల గురించో బోటు గురించో అయితే పొద్దుపోయేదాకా కూచునేవాళ్ళు. ఇలా ఒక నెల పోయింది, రెండోదీ పోయింది, మూడోదీ పోయింది. పావని చెవిలో దూది మారుస్తూ కాసమ్మ పళ్ళు నూరుకునేది.

నాలుగో నెలలో కూర్మమ్మ తనంతట తానే వచ్చింది, చేతిలో జంతికల పొట్లంతో.

"ఒలే కాసమ్మా, పిల్లని ఓపాలి కంట్రోలు కాడికి తీసుకురాయే. మిషన్ మీద ఏలు ఎట్టీసి వొచ్చీస్తాది."

కార్డులో ఉన్న ప్రతి మనిషీ వచ్చి వేలిముద్ర వెయ్యాలని, వెయ్యనివాళ్ళ బియ్యం ఆపేస్తామని ఆ వారమే చాటారు. సంగతి అదీ. కాసమ్మ ఒళ్ళు భగ్గున మండింది. కానీ మొదటిసారి కోపం దిగమింగుకుని, "అలాగే అత్తా, రేపు తెస్తాను," అంది.

మర్నాడు రేషన్ బియ్యమిచ్చే కంట్రోలు షాపు ముందు ఊరంతా వరసలో ఉంది. కాసమ్మ ఒక చేత్తో పావనిని, ఒక చేత్తో పేరు కొట్టేయించే ఆఫీసు కాగితాన్ని పట్టుకుని వచ్చింది. కూర్మమ్మ ఎదురొచ్చి, "పావనీ, రా తల్లీ," అని పిలిచింది. ఆమె నిలబడింది పిల్లకు ఎడమవైపు. పావని తిరిగి చూడలేదు. మళ్ళీ పిలిచింది. పిల్ల వరసలో వాళ్ళని చూస్తూ నిలబడే ఉంది.

కాసమ్మ ఆ చెవిలో దూది తీసి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"సూడండి! మీరందరూ సూడండి! పిల్ల ఏలు ఈలకి గావాల. పిల్ల సెవి ఎవులికీ అక్కర్నేదు. అత్తా, నువ్వీ కాగితం మీద ముద్ర ఎయ్యి. ఎయ్యకపోతే నా పిల్ల ఏలు నీ మిషన్ మీద ఎన్నడికీ పడదు. ఈ బియ్యం ఎలాగా పోతాయి. పరువైనా ఉంచుకో."

వరసంతా కూర్మమ్మ వైపు తిరిగింది. షాపతను ఇంకు పెట్టె ముందుకు తోశాడు. కూర్మమ్మ బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కి, చీర కొంగుకు తుడుచుకుంది. తర్వాత షాపతన్ని మెల్లిగా అడిగింది:

"ఈ నెలవి ఇస్తారు గదా?"

పేరు మారింది. కార్డు వచ్చింది. ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఇక భయం లేదన్నాడు డాక్టరు. వినికిడి మాత్రం సగమే వస్తుందన్నాడు. నాలుగు నెలల ముందు తెచ్చి ఉంటే చాలావరకు నిలిచేదట. ఆ మాట విన్నప్పుడు కాసమ్మ ఏడవలేదు. ఆసుపత్రి గోడను అరచేత్తో గట్టిగా కొట్టింది.

"పోనీలేయే, ఆకరికి ముసిల్ది ముద్రేసింది గదా, ఇంకా కోపమేటి?" అంటారు వాడలో ఆడవాళ్ళు ఇప్పటికీ.

"ఏసింది. నాలుగు నెలలకి ఏసింది. నెలకి అయిదు కిలోలు," అంటుంది కాసమ్మ గంప నెత్తికెత్తుకుంటూ. "ఇరవై కిలోల బియ్యానికి నా కూతురి సెవి తినీసినారు."