ఇంగ్లీషు డబ్బాల నేను చేసిన మేక బేరం

పోయిన నెల బోధన్‌ల ఒక పెద్దమనిషి చెయ్యి పట్టుకొని ఎంతసేపటికీ ఇడువలే నేను. చాటుకు గాదు, నలుగురి నడుమ, మీదికెంచి తువ్వాల కప్పి మరీ పట్టుకున్న. అదీ ఇంగ్లీషు నేర్పే కాడ. నవ్వేదుంటే ఇప్పుడే నవ్వుండ్రి, చాయ్ చేతికొచ్చినంక నవ్వితే మీద వడ్తది.

మా పెద్దబిడ్డ స్వరూప బోధన్‌ల ఒక ప్రైవేటు బడిల ఇంగ్లీషు టీచరు. నేను నవీపేట్ సంతల మేకల బేరగాన్ని. తొమ్మిదో తరగతి దాకా సదివి ఇగ చాలనుకున్న. అయినా ఆమె బడి సంగతి ఏది చెప్పినా నాకొక అభిప్రాయం ఉంటది. అడుగకున్నా చెప్త.

రెండు నెలల కింద ఇంటికొచ్చి చెప్పింది.

"బాపు, మా బడికి వీఆర్ డబ్బాలు తెప్పిస్తున్నం. కండ్లకు పెట్టుకుంటే పిల్లలు లండన్ దిక్కు ఏదో బజార్ల నిలబడ్డట్టే ఉంటది. చుట్టూ మనుషులుంటరు. వాళ్లతోని ఇంగ్లీషుల మాట్లాడాలె."

"బోధన్ బజార్ల నోరు తెరువని పోరగాండ్లు లండన్ బజార్ల తెరుస్తరా?"

"ఇక్కడ తప్పు మాట్లాడితే పక్కపిల్లలు నవ్వుతరని భయం బాపు. డబ్బాల ఎవ్వరు నవ్వరు."

"భాష అంటే నోటి పని గదనే. కండ్లకు డబ్బా కట్టుడేంది? గానుగెద్దుకు గడ్తరు గంతలు. నలభై ఏండ్లు తిరిగినా దానికి ఇంగ్లీషు రాలే."

ఆమె నవ్వలే. నేను జోకేస్తే నవ్వకుంటే ఏదో ఉన్నదన్నట్టే. అడిగితే చెప్పింది. ఆ డబ్బాలు కావాల్నని, బడి నడిపే కరస్పాండెంట్ సారును ఒప్పించింది తానే. ముందుగాల తల్లిదండ్రులను పిలిచి చూపెట్టాలె. వాళ్లు మెచ్చితే సరే. మెచ్చకుంటే డబ్బాలు వాపస్ పోతయి, పెద్ద క్లాసుల ఇంగ్లీషు ఇంకో టీచరుకు పోతది, స్వరూపను నర్సరీకి పంపుతరు.

"నాలుగేండ్ల సంది ఆ పిల్లలెంబడి పడుతున్న. ఒక్కొక్కలకు ఇప్పుడిప్పుడే ధైర్యం వస్తున్నది. వాళ్లను ఇడిచిపెట్టి నేను నర్సరీల ముక్కులు తుడుసుకుంట కూసోవాలె" అన్నది. ఎంబడే, "బాపు, నువ్వు మాత్రం ఆ రోజు రాకు" అన్నది.

రావద్దన్నంక పోకుండ ఎట్లుంటం?

ఆ మీటింగు సంత లేని రోజే వచ్చింది. పొద్దున బస్సెక్కి, చెరుకు ట్రాక్టర్ల ఎన్క ఎన్క పాకుకుంట బోధన్ చేరిన. బడి హాలుల ఒక దిక్కు పిల్లలు, ఒక దిక్కు తల్లిదండ్రులు. బీడీలు చేసే ఆడోళ్లు, కిరాణం కొట్లోళ్లు, ఇద్దరు ముగ్గురు చెరుకు రైతులు. ముంగట పెద్ద టీవీ. బల్ల మీద నల్లడబ్బా. స్వరూప నన్ను చూసింది. చూసి, చూడనట్టు మొఖం తిప్పుకున్నది. నేను ముంగటి వరుసల కూసున్న.

హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వచ్చిండు. మెడకు టై, కాళ్లకు తెల్లబూట్లు. అరగంట మాట్లాడిండు, అంత ఇంగ్లీషే. మధ్యమధ్యల మా దిక్కు చూసి "అర్థమైందా?" అని అడుగుడు. బీడీల పుల్లవ్వ కాన్నుంచి చెరుకు రైతు దాకా అందరు తలకాయ ఊపిండ్రు. సమజైందని గాదు, జల్ది ఒడువాల్నని. ఇంగ్లీషు రానోళ్లకు ఇంగ్లీషు నేర్పే డబ్బా అమ్మవచ్చి ఇంగ్లీషులనే చెప్పుడు ఏం తెలివో, వానికే ఎరుక. మా సంతల గొర్రె గూడ గట్ల అమ్ముడువోదు.

ఒడిసినంక స్వరూప లేచి, "పేరెంట్స్‌ల ఎవరన్న ఒకలు వచ్చి పెట్టుకొని చూడుండ్రి" అన్నది.

ఎవ్వరు లేవలే. ఒకామె "తల తిరుగుతదట" అన్నది. ఒకాయన కండ్లద్దాలున్నయన్నడు. ఇంకొకాయనకు ఫోనే రాలే, అయినా చెవికి పెట్టుకొని బయటికి పోయిండు. కరస్పాండెంట్ సారు గడియారం చూసుకున్నడు. లావుపాటి మనిషి, తక్కువ మాట్లాడుతడు. స్వరూప మొఖం తెల్లబడ్డది.

బిడ్డ ఇజ్జత్ కాపాడుదామని లేచిన. అబద్ధమెందుకు, సగం దానికి. మిగిలిన సగం ఆ డబ్బాల ఏం లేదని అందరి ముంగట చెప్పనీకి.

కంపెనీ మనిషి నా తలకు డబ్బా బిగించిండు. "చేతుల ఏం పట్టుకునేది లేదు అంకుల్. మీ చేతులే లోపల గూడ కనిపిస్తయి. మీరు చూసేదంత టీవీల అందరికి కనవడ్తది. పండ్లు కొనుండ్రి, ఇంగ్లీషుల అడగండ్రి, గంతే" అన్నడు. ఆ ముక్క తెలుగులనే చెప్పిండు. తెలుగు వచ్చన్నట్టే గద.

చూస్తే ఏమున్నది, అంగడి. నిజంగ అంగడే. దుకాణాలు, ఆపిల్ బుట్టలు, పాల డబ్బాలు. నా చేతులు చూసుకుంటే నీలం రంగుల ఉన్నయి, నీళ్లల్ల నానిన పీనుగు చేతుల లెక్క. ముంగట ఒక తెల్లతోలు దొరసాని కొంగు లాంటిదేదో కట్టుకొని నిలబడ్డది. "గుడ్ మార్నింగ్ సర్, వాట్ వుడ్ యు లైక్ టుడే?" అన్నది.

ఆపిల్ అంటే అయిపోయేది. నోట్ల దాకా వచ్చింది గూడ. గాని గప్పుడే ఆమె ఎన్క గుంజకు కట్టేసిన మేక కనవడ్డది.

ఇగ జూడుండ్రి, బడి యాదికి లేదు, బిడ్డ యాదికి లేదు. రెండడుగులేసి వంగిన. మేక వయసు నోట్ల పండ్లల్ల తెలుస్తది. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, అరిగినయా, ఊడినయా, అది చూడకుండ మా దగ్గర ఎవ్వడు మాట్లాడడు. పెదవి లేపి చూద్దామని చెయ్యి పెట్టిన. చెయ్యి ఈ చెంపల నుంచి ఆ చెంపలకెల్లి బయటికొచ్చింది. కిందికి వంగి నోట్లకు చూస్తే గులాబి రంగు పూసి ఇడిచిపెట్టిండ్రు. ఒక్క పన్ను లేదు. ఇంత పెద్ద కంపెనీ, మేకకు నాలుగు పండ్లు పెట్టనీకి చేతగాలే.

"ఇట్స్ ఎ లవ్లీ గోట్ సర్, ఓన్లీ ఫార్టీ పౌండ్స్" అని దొరసాని ఒర్రింది.

నాకు సిగ్గైంది. అంత పెద్ద అంగట్ల ధర బయటికి చెప్తరా ఎవరన్న? మా సంతల బేరం నోటితోని ఉండదు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుకుంటం, లోపల వేళ్లు పట్టుకుంటం. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధరన్నట్టు. చెయ్యి గుంజుకుంటే నచ్చలేదన్నట్టు, ఇంకో వేలు కలపాలె. పక్కనున్నోనికి కుదిరిందాంక తెలువదు. మర్యాద అంటే గది. పాపం దొరసానికి ఎవ్వరు చెప్పినట్టు లేదని, భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పి ముంగటికి చాపిన.

వంగి వంగి నేను బల్ల మీద పడేటట్టున్నానట. నాకు కనవడదు గద. కరస్పాండెంట్ సారు లేచొచ్చి నన్ను పట్టుకుందామని చెయ్యి చాపిండు. ఆ చెయ్యి సీదా తువ్వాల కిందికి వచ్చింది. నేను పట్టుకున్న.

రెండు వేళ్లు పట్టి ఒత్తిన. చెయ్యి గరుకుగున్నది, రెండు ఉంగరాలున్నయి. ఎవుసం చేసే దొరసాని అయ్యుంటది అనుకున్న. చెయ్యి గుంజుకున్నది. నచ్చలేదన్నట్టే గద, మూడోది కలిపిన. ఇంకా గట్టిగ గుంజింది. గట్టి బేరగత్తె అని మనసుల మెచ్చుకొని, ఎడమచేత్తోని మణికట్టు బిగించి నాలుగోది గూడ పట్టిన.

"బాపు, ఇడువు" అని స్వరూప గొంతు ఎక్కడికెల్లో ఇనవడ్డది. బేరం ఒడ్డుకొచ్చినప్పుడు ఇడువుమంటది, యాపారం ఈమెకేం ఎరుక అని నేను ఇంకా బిగవట్టిన. హాలంత ఒకటే నవ్వు.

గా నవ్వుల నుంచి ఒక పిల్ల గొంతు లేచింది.

"తాతా, దట్ ఈజ్ నాట్ హర్ హ్యాండ్. దట్ ఈజ్ అవర్ కరస్పాండెంట్ సర్."

మమత అని, బీడీలు చేసే పుల్లవ్వ మనుమరాలు. నాలుగేండ్లల్ల క్లాసుల నోరు తెరువని పిల్ల. ఆమె మాట ఆ డబ్బాకు ఇనవడ్డట్టుంది, దొరసాని ఇటు మర్రి, "సారీ, హూ ఈజ్ ద కరస్పాండెంట్?" అని అడిగింది.

ఇగ పోరగాండ్లకు ఆగుతదా.

"హి ఈజ్ అవర్ స్కూల్ ఓనర్ మేడం."

"తాతా వాంట్ టు బై యువర్ గోట్."

"వేర్ ఈజ్ ద గోట్ టీత్, మేడం?"

"డోంట్ టెల్ ప్రైస్ లౌడ్‌లీ. ఇన్ నవీపేట్ వి టెల్ విత్ ఫింగర్స్."

సగం తప్పులేనట, స్వరూప తర్వాత చెప్పింది. గాని ఒకల తప్పుకు ఒకలు నవ్వలే. నవ్వేదానికి నేనున్న గద, ఇంకొకలను చూసే తీరిక ఎవరికున్నది.

డబ్బా గుంజి చూస్తే నా ముంగట దొరసాని లేదు. కరస్పాండెంట్ సారు ఉన్నడు. మొఖం చెమటలు, నాలుగు వేళ్లు మిరపపండ్ల లెక్క ఎర్రగైనయి. స్వరూప తల దించుకున్నది. బిడ్డను నర్సరీకి నేనే తోలినట్టైంది. "తప్పైంది సారు, బేరం అనుకున్న" అన్న.

ఆయన నన్ను చూడలే. వేళ్లు రుద్దుకుంట మమతను చూసిండు. "ఈ పిల్ల గొంతు నేను ఇనుడు ఇదే మొదలు" అన్నడు.

కంపెనీ మనిషి ముంగటికొచ్చి, "సార్, ఇదే మా టెక్నాలజీ" అని మొదలుపెట్టిండు.

"నీ టెక్నాలజీ ఏం జేసింది, మేకకు పండ్లే లేవు" అన్నడు సారు. స్వరూప దిక్కు మర్రి, "క్లాసు నీదే, డబ్బాలు గూడ ఉండనియ్యి. గాని డబ్బా పిల్లలకు పెట్టకు. మీ బాపుకు పెట్టు. ఏం రానోడు లోపలుంటేనే బయటోళ్లకు మాటలొస్తున్నయి" అన్నడు.

పుల్లవ్వ గట్టిగ చప్పట్లు కొట్టింది. ఈసారి ఆమెకు నిజంగనే సమజైంది.

గప్పటి సంది ప్రతి బుధవారం నేను బడికి పోతున్న. డబ్బా పెట్టుకుంట, దొరసాని ముంగట నిలబడ్త, ఏదో ఒక ఎడ్డిపని చేస్త. పోరగాండ్లు ఒర్రి ఒర్రి నాకు నేర్పుతరు, ఆమెకు సర్దిచెప్తరు. ఒకసారి పాలడబ్బాల తల పెట్టి చూసిన, ఇంకోసారి ఆమె తక్కెడ తప్పని లొల్లి పెట్టుకున్న. హాలుకు తలుపులు మూసినా ఇంగ్లీషు రోడ్డు దాకా ఇనవడ్తది.

నాకు గూడ రోషముంటది గద. మొన్న బస్సుల పోయేటప్పుడు దారిపొడుగున నోట్ల నోట్ల అనుకుంట పోయి, డబ్బా పెట్టుకోంగనే సాఫ్‌గ అడిగిన. "గుడ్ మార్నింగ్ మేడం. హౌ ఓల్డ్ ఈజ్ యువర్ గోట్?"

"షి ఈజ్ టూ ఇయర్స్ ఓల్డ్, సర్" అన్నది దొరసాని.

చప్పట్లు కొడ్తరనుకున్న. డబ్బా తీసి చూస్తే క్లాసంత పీనుగెల్లిన ఇల్లు లెక్కున్నది. దిద్దనీకి ఏం లేదు, నవ్వనీకి ఏం లేదు, ఎవ్వనికి మాట లేదు. మమత బుక్కు తీసి గీతలు గీసుకుంట కూసున్నది.

స్వరూప నన్ను వరండలకు తీస్కపోయి రెండు చేతులు జోడించింది. "బాపు, నీ కాళ్లు మొక్కుత. నువ్వు మాత్రం నేర్చుకోకు."

చిన్నప్పుడు ఇంగ్లీషు రాదని సార్లు క్లాసు బయట నిలబెట్టిండ్రు. ఇప్పుడు వస్తున్నదని బిడ్డ నిలబెట్టేటట్టున్నది.