తెరపి ఇచ్చిన పొద్దున

నా చిన్నప్పుడు, మేడిపల్లి దగ్గరి మా ఊళ్లో, ఒక వానాకాలం పొద్దున సరిగ్గా ఏడుంబావుకు మా అమ్మ అన్నం గంజు మీది మూత తీసింది. రేడియోలో వార్తలు అప్పుడే అయిపోయాయి కాబట్టి వేళ గుర్తుంది. వార్తల్లో సముద్రం మీద వాయుగుండం అన్నారు.

మాది వానలు తక్కువ పడే చోటు. ఏడాదిలో చాలా నెలలు ఊరి పక్క ఒర్రెలో, అంటే చిన్న వాగులో, ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. అటువంటి చోట కొన్ని రోజులుగా విడవకుండా కురుస్తోంది. సముద్రం ఎక్కడో ఉంటే ఇంత వాన మనకెందుకని మా మేనమామను అడిగాను. ఆయన జగిత్యాలలో బడిపంతులు. మమ్మల్ని చూడవచ్చి వానకు మా ఇంట్లోనే ఆగిపోయాడు.

ఆయన మా అమ్మ చేతిలోని మూత తీసుకుని, దాని లోపలి నీటి చుక్కలు చూపించాడు. వేడికి లేచిన ఆవిరి పైన చల్లబడితే చుక్కలవుతుందన్నాడు. తర్వాత ఇంటి నేలలో పాతిన రోలు చూపించాడు. పైకప్పు నుంచి కారిన నీళ్లు నాలుగు దిక్కుల నుంచీ ఆ గుంటలోకే పోతున్నాయి.

"గాలికి సుత పల్లం ఉంటది కోడలా. సముద్రం మీద పల్లం పడితే చుట్టుముట్టు గాలంతా తడి మోసుకొని దాంట్లకే ఉరుకుతది. గా పల్లం నడుసుకుంట మన మీదికి వస్తది. ఆడికొచ్చిన గాలి పైకి లేసి, సల్లవడి కురుస్తది."

"ఏం సారూ, సముద్రం మా రోట్లనే ఉన్నదా?" అన్నాడు మా నాయిన. అందరం నవ్వాం.

పల్లం ముందుకు కదిలితే వాన పోతుంది. ఒక్కచోట నిలబడితే ఏడాదంతా పడాల్సినది ఆ చోటనే పడుతుంది. ఎప్పుడు కదులుతుందని అడిగితే మామ తెలియదన్నాడు.

మా నాయిన తాటిచెట్లు గీసేవాడు. గీసే చెట్టుకు రోజూ కత్తి తగలాలి. వరుసగా నాగా పడితే గెల ఎండిపోతుంది, ఆ చెట్టు ఇక ఆ ఏడు కల్లు ఇవ్వదు. మా ఇల్లు ఆ చెట్ల మీదే నడిచేది. వాన మొదలైనప్పటి నుంచి ఆయన వాకిట్లోకి పోయి మబ్బు చూసి వస్తున్నాడు. ఆ పొద్దున అన్నం తిని లేచేసరికి వాన ఆగింది. కొంచెం వెలుగు కూడా వచ్చింది.

నాయిన చెట్టెక్కే మోకు భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి, ఈసారి నవ్వకుండా అడిగాడు. "బామ్మర్దీ, నీ పల్లం కదిలిందా? పోయి రానా?"

మామ చాలాసేపు ఆకాశం చూశాడు. "తెల్వది బావా" అన్నాడు.

నాయిన వెళ్లాడు. ఆయన చెట్టు మీద ఉండగానే వాన మళ్లీ అందుకుంది.

పడిపోయిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. జగిత్యాల ఆసుపత్రికి పోవాలంటే ఒర్రె దాటాలి. ఒర్రె గట్ల మీదికి వచ్చింది. మామ నడుము లోతు దిగాడు, కాళ్లు నిలవక వెనక్కి వచ్చాడు, మళ్లీ దిగబోయాడు. "ఓ సారూ, నువ్వు సుత కొట్టుకపోతవ్, రా!" అని ఎవరో చెయ్యి పట్టి లాగారు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ గట్టు మీద ఉన్నవాళ్లలో ఆయనకూ నాకూ తెలుసు. మంచం ఇవతలనే ఉంది. ఒర్రె మరునాడు తగ్గింది.

నాయిన బతికాడు గానీ మళ్లీ లేచి నిలబడలేదు. ప్రతి వానాకాలం మామ వచ్చి ఆ మంచం పక్కన కూర్చునేవాడు. "తెల్వదన్నవ్ గద బామ్మర్దీ. అబద్ధమైతే చెప్పలే" అనేవాడు నాయిన. ఆ మాట మామకు ఊరట ఇచ్చినట్టు నాకు ఎప్పుడూ కనిపించలేదు. నాయిన పోయి చాలా ఏళ్లయింది. మామ మొన్నటి ఎండాకాలంలో పోయాడు.

ఆ తర్వాత వచ్చిన వానల్లో, సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే నా కొడుకు కోరుట్లలోని నాకు ఫోన్ చేశాడు. "అమ్మా, వాన తెరపిచ్చింది. వేములవాడ దాకా తొవ్వ మంచిగనే ఉన్నదట. బండి మీద రానా?"

ఫోన్‌లో మబ్బుల బొమ్మ చూశాను. పల్లం ఎక్కడుందో ఇప్పుడు రంగుల్లో కనిపిస్తుంది. ఒక్కో ఒర్రె మీద ఎప్పుడు కురుస్తుందో మాత్రం కనిపించదు.

"తెల్వది బిడ్డా" అన్నాను. మామ అనలేకపోయిన మాట కూడా అన్నాను. "తెల్వనప్పుడు రాకు."

"నీకు ఊకె భయమే" అని విసుక్కున్నాడు గానీ ఆగాడు. ఆ మధ్యాహ్నం వాన మళ్లీ వచ్చిందో లేదో నేను కనుక్కోలేదు. వాన ఎందుకు వస్తుందో ఇంటి పిల్లలకు ఇప్పటికీ మూత తీసి చూపిస్తాను. మా ఇంట్లో ఇప్పుడు తాటిచెట్టు ఎవరూ ఎక్కరు.