మడమల్లో ముళ్ళు

నా చిన్నప్పుడు అడవిని చూడడానికి ముందుగా టికెట్లు తీసుకుని జీపు ఎక్కే పని లేదు. ఆత్మకూరులో మా మేనత్త ఇంటి పెరటి తలుపు తీస్తే చాలు, చేలకు అవతల నల్లమల ఏదో పెద్ద జంతువు పడుకుని ఉన్నట్టు కనిపించేది. దాన్ని మనం చూస్తున్నామని మాత్రమే అనుకునేదాన్ని. అది కూడా మనల్ని చూస్తుందన్న ఆలోచన ఒక వేసవి దాకా నాకు రాలేదు.

ఆ వేసవి ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా ఇంట్లో జరుగుతున్న ఎన్నికలు. కల్లూరులో మా అబ్బాయి కట్టుకున్న కొత్త ఇంట్లో పిల్లలూ మనవలూ అందరూ చేరారు. సెలవులకు ఎక్కడికైనా పోదామన్నారు. సగం మంది నల్లమలలో జీపు సఫారీ అంటారు. సగం మంది కడప దాటి కొండలెక్కే ట్రెక్కింగు అంటారు. ఓట్లు సమానంగా పడ్డాయి. మా పెద్ద మనవరాలు ఫోను తెచ్చి నా కళ్ళద్దాలకు ఆనించింది. ఒక బొమ్మలో జీపు ముందు పులి నడుస్తోంది. ఇంకో బొమ్మలో వీపున సంచులు వేసుకున్నవాళ్ళు బండల మీద వరసగా ఎక్కుతున్నారు.

"అవ్వా, నీ ఓటు ఒగటే మిగిలుండాది. యాడికి పోదాం చెప్పు" అంది.

నాకు తెలిసిన సఫారీ ఒక్కటే, మా ఆయన పెళ్ళికి కుట్టించుకున్న సూటు. అందులో ఆయన్ని చూసి బెదిరిన మాట నిజమే కానీ, అందుకు టికెట్టు పెట్టదగినంత కాదు. ఇక ట్రెక్కింగు అంటారా, ఈ ఇంటి మేడమెట్లు ఎక్కడమే నాకు యాత్ర. రేపు చెప్తానని తప్పించుకున్నాను. అప్పుడే సోఫా మూలన కూర్చున్న చిన్న మనవడి మీద నా చూపు పడింది. వాడికి ఆయాసం. నాలుగడుగులు వేగంగా వేస్తే పిల్లికూతలు మొదలవుతాయి. వాడి ఓటు ఎవరూ అడగలేదు. వాణ్ణి చూడగానే నాకు మా తమ్ముడు కనిపించాడు. తమ్ముడి వెనక నేను, నా వెనక మా బావ, అందరికన్నా చివర మా అత్త.

మాది ఎమ్మిగనూరులో నేతపని ఇల్లు. ఇంట్లో గుంట మగ్గం, ఊరి చుట్టూ బల్లపరుపు నేల. ఆ ఏడు మా తమ్ముడు ఆడుకుంటూ మగ్గం గుంటలో పడి చీలమండ బెణికించుకున్నాడు. వాపు తగ్గినా కుంటు పోలేదు. ఇంట్లో ఉంటే మళ్ళీ ఆ గుంటలోనే పడతాడని మా ఇద్దరినీ సెలవులకు అత్త దగ్గరికి పంపారు.

అత్తకు మాట ఆగేది కాదు. పుట్టింట్లో మగ్గం చప్పుడు మధ్య పెరిగి, మెట్టినింట్లో ఆ చప్పుడు లేకపోయేసరికి లోటు తనే పూడుస్తోందని మా నాన్న అనేవాడు. మనిషినైనా ఎద్దునైనా గోడ మీది కాకినైనా ఒకే వరసలో "ఏమప్పా" అని పలకరించేది. మా మామ వెదురు లారీ నడిపేవాడు, ఇంట్లో కన్నా దారిలోనే ఎక్కువ ఉండేవాడు. ఆయన ఎదుట లేకపోయినా ఆయనతో జగడమాడే అలవాటు ఆమెకుంది. పొయ్యి దగ్గర ఒక్కతే కూర్చుని "ఏమప్పా, నీకు ఇల్లు గుర్తుండాదా?" అని నిలదీసేది. జవాబు రాకపోవడంతో ప్రతిసారీ ఆమే గెలిచేది.

ఇంకో అలవాటు నేతవాళ్ళది. చీర కోసినాక మగ్గం మీద మిగిలిపోయే పడుగు నూలు కొసలను పారేయకుండా ముడివేసి ఉండ చుట్టేది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆ కొసలు మూటగట్టుకుని పోయేది. తలుపు గొళ్ళేనికి, తీగ పందిరికి, మా జడలకు అన్నిటికీ ఆ నూలే. "పోగు చేసుకునేది పోగులనే" అని మామ ఎగతాళి చేసేవాడు.

ఒక సాయంత్రం మామ వచ్చి, తెల్లారి అడవిలోకి లారీ పోతుంది, పిల్లలను ఎక్కించుకుపోతానన్నాడు. నీళ్ళు ఎండిపోయిన కాలం, ఉన్న మడుగుల దగ్గరికే జింకలూ ఎలుగులూ వస్తాయి, అదృష్టముంటే ఇంకా పెద్దది కూడా కనపడుతుందన్నాడు. అదే రోజు అత్త అడవి అంచున ఉన్న కొండ మీది అమ్మవారి గుండుకు, అంటే అమ్మవారిగా కొలిచే పెద్ద బండకు, నడిచి పోవాలనుకుంది. తమ్ముడి కాలు బాగుపడాలని మొక్కుకుందట. మేం ఎవరితో పోవాలన్నది మా ఇష్టానికే వదిలేశారు.

అత్త రొట్టె తడుతూ, మా వైపు చూడకుండానే అంది. "మీరు మృగాలను చూడల్లంటే లారీ ఎక్కండి. మృగాలు మిమ్మల్ని చూడల్లంటే నాతో రాండి."

ఆమె నవ్వలేదు. నేను లారీకే అనుకున్నాను. కానీ మా బావ, అంటే అత్త కొడుకు, నోరు ఊరుకోక తమ్ముణ్ణి గిల్లాడు. "నువ్వు లారీలో పండుకోరా కుంటోడా. కొండ నీతో యాడయితాది."

తమ్ముడికి పౌరుషం వచ్చింది. కొండకే వస్తానన్నాడు. వాడొస్తే నేనూ రావాలి. మేమిద్దరం కొండకు పోయి తనొక్కడే లారీ ఎక్కితే భయపడ్డాడంటామని బావ కూడా మా జట్టులోనే కలిశాడు. మా నిర్ణయం వెనక ఇంతకు మించిన ఆలోచన లేదు. ఫోనులో బొమ్మలు చూసి ఎంచుకునే ఈ పిల్లలను నేను ఏమీ అనకపోవడానికి కారణం అదే.

తెల్లారి అడవి అంచుకు చేరాక అత్త నూలు ఉండ తీసింది. తమ్ముడి మొలతాడుకు ఒక కొస కట్టి, దాన్ని నా పావడా నాడాకు, అక్కణ్ణుంచి బావ నిక్కరుకు ముడివేసి, చివరి కొస తన మణికట్టుకు చుట్టుకుంది. ఒంటి పోగు. గట్టిగా లాగితే తెగుతుంది. తమ్ముణ్ణి అందరికన్నా ముందు నిలబెట్టింది. తను చివరకు పోయింది.

"పోగు తెగితే అందరూ యాడోల్లు ఆడనే నిలబడల్ల. ముడి ఏసినాకే ఇంగో అడుగు" అంది.

"ఈని ఎనక నడిస్తే మనం పోయేలోగా అమ్మవారు ఊరికి ఎలబారిపోతాది" అన్నాడు బావ.

"పోతే దోవలో కలుస్తాదిలే. నువ్వు గమ్మున నడువు."

ఎక్కేటప్పుడు పోగు మాటిమాటికీ తెగింది. బావ తొందరపడి నన్ను దాటబోతే తెగేది, నేను రేగిపళ్ళకు పక్కకు వంగితే తెగేది. తెగినప్పుడల్లా ఆగడం, అత్త వచ్చి ముడివేయడం. కొండంత ధైర్యం అంటారు కదా, నాకు కొండ మొదట్లోనే అది అయిపోయింది, ఆపైన ఎక్కినదంతా అప్పు మీదే. కానీ పొద్దెక్కే వేళకు ఒక సంగతి జరిగింది. పోగు తెగడం మానేసింది. తమ్ముడి కుంటు మా అందరి కాళ్ళలోకీ వచ్చేసింది. వాడు ఆనించి, ఈడ్చి, మళ్ళీ ఆనించినట్టే మేమూ నడుస్తున్నాం. బావ కూడా.

గుండు దగ్గర అత్త మొక్కు చెల్లించింది. మొక్కు దినమని తను చెప్పులు ఇంట్లోనే వదిలి వచ్చింది. జొన్నరొట్టెలు తిని, నీళ్ళు తాగి, ఎండ వాలాక దిగడం మొదలుపెట్టాం. అదే వరస, అదే పోగు.

సగం దిగేసరికి అడవిలో ఏదో తగ్గినట్టనిపించింది. ముందు అదేమిటో తెలియలేదు. తర్వాత అర్థమైంది, పొద్దుటి నుంచి మా నెత్తిమీద కీచులాడుకుంటున్న పిట్టలు ఊరుకున్నాయి. ఎక్కడో ఒక కొండముచ్చు దగ్గినట్టు అరిచి, అదీ మానుకుంది. దారి నిండా ఎండిన టేకాకులు. మా అడుగుల కింద అవి అప్పడాల్లా విరుగుతున్నాయి. తమ్ముడు కాలు నొప్పి అని ఒక చోట ఆగాడు. వాడితో పాటు అందరం ఆగాం.

మేం ఆగాక, ఇంకొక ఆకు విరిగింది.

"ఆగొద్దు నాయనా" అంది అత్త, ఎప్పటి గొంతుతోనే. "ఉరకొద్దు. అట్లనే పో. ఎక్కాలు చెప్పు, గట్టిగా చెప్పు. ఎనక్కి తిరిగినోల్లకు ఈ పూట బువ్వ ల్యా."

తమ్ముడు రెండో ఎక్కం నుంచి అందుకున్నాడు. ఏడో ఎక్కంలో వాడికి ఎప్పుడూ తడబాటే. ఆ రోజూ తప్పు చెప్పాడు, తప్పు మీద తప్పు చెప్పాడు. మామూలుగా అయితే బావ పడీపడీ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు, దిద్దలేదు. తప్పుల ఎక్కం అలాగే అడవిలోకి పోయింది.

వెనక నుంచి అత్త మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "ఏమప్పా, పొద్దుగూకుతాండాది, నీకేం పని ల్యాదా. నీ దోవ నీది, మా దోవ మాది. పిల్లోల్లు, చూసినావు గదా, సాల్లే ఇంగ, పో." మామతో జగడం మొదలైందనుకున్నాను. ఆ మాటలు ఒకప్పుడు దగ్గరగా, ఒకప్పుడు దూరంగా వినబడేవి. దూరమైనప్పుడు నాకు తిరిగి చూడాలనిపించేది. బువ్వ గుర్తొచ్చి ఊరుకునేదాన్ని. తిండి మీద నాకున్న శ్రద్ధ నన్ను కాపాడిన సందర్భం బహుశా అదొక్కటే.

లారీలు నడిచే మట్టిబాటలోకి వచ్చి పడ్డాక తమ్ముడు ఎక్కం ఆపి కూలబడ్డాడు. అప్పుడు తిరిగి చూశాను. నా వెనక బావ ఉన్నాడు. బావ వెనక ఎవరూ లేరు.

బావ పిడికిలి బిగించి ఉంది. విప్పమంటే విప్పలేదు. నేనే వేళ్ళు విడదీశాను. లోపల నూలు ముద్దగా ఉంది, దాని కొస నా చేతికి వచ్చింది. నేతపని ఇంట్లో పుట్టినదాన్ని, తెగిన పోగుకీ కొరికిన పోగుకీ తేడా నాకు తెలుసు. లాగితే తెగిన కొస పీచులు లేస్తుంది. ఇది నున్నగా, పంటితో కత్తిరించినట్టుంది.

పోగు ఎప్పుడో వదులైందని బావకు తెలుసు. చెబితే అందరం నిలబడతామని చెప్పలేదు. వేలాడే నూలును నడుస్తూనే గుప్పిట్లోకి లాక్కున్నాడు. "మాయమ్మ తెంపింది" అన్నాడు.

దూరంగా, అడవిలోంచి తిరిగొస్తున్న మామ లారీ చప్పుడు వినిపించింది. మేం అటు చూడలేదు. మేం దిగివచ్చిన దారినే చూస్తున్నాం. ఆ చెట్లలోంచి మాటలు వచ్చాయి, అదే జగడం, కాస్త బొంగురుపోయి. తర్వాత అత్త వచ్చింది. ముందు ఆమె ముఖం రాలేదు. వీపు వచ్చింది. కొప్పు ఊడి వీపున పడి ఉంది. చేతిలో ఒక కట్టె. అడవి వైపు ముఖం పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ, ఇంకా ఎవరినో "ఏమప్పా" అంటూ, బాట మీదికి వచ్చింది. లారీ వచ్చి పక్కన ఆగేదాకా ఆమె మా వైపు తిరగలేదు. తిరిగాక తమ్ముణ్ణి ఎత్తుకుని, "ఏడో ఎక్కం రాదేందిరా నీకు" అని మాత్రం అంది.

ఇంటికి చేరాక మామ దీపం దగ్గర కూర్చుని ఆమె పాదాల్లో ముళ్ళు తీశాడు. ముందుకు నడిచేవాళ్ళకు ముళ్ళు వేళ్ళ దగ్గర గుచ్చుకుంటాయి. ఆమెకు ముళ్ళన్నీ మడమల్లోనే. తీస్తున్నకొద్దీ వస్తున్నాయి. అన్ని ముళ్ళు దిగాలంటే ఎంత దూరం అలా నడిచి ఉండాలో నేను లెక్కవేయబోయి, భయమేసి మానుకున్నాను.

అది పులా, చిరుతా, ఎలుగా అని నేను అడిగాను. ఆ రోజే కాదు, పెళ్ళయ్యాక అడిగాను, నా పిల్లలను చంకనేసుకుని వెళ్ళి కూడా అడిగాను. "చూడనీకి ఏముండాది అమ్మీ. అది మిమ్మల్ని చూసింది గదా" అనేది ప్రతిసారీ. ఆ జవాబుతోనే ఆమె పోయింది. ఆమెది ముందుచూపు అని ఊళ్ళో అందరూ మెచ్చుకునేవారు. ఆ రోజు మమ్మల్ని ఇంటికి చేర్చింది మాత్రం వెనకచూపు.

మా తమ్ముడి కాలు బాగుపడింది. ఇప్పుడు వాడూ ముసలివాడే. మంత్రాలయంలో జనం మధ్య నడుస్తున్నా, మాటిమాటికీ ఆగి, వెనక నేను వస్తున్నానా లేదా అని చూసుకుంటాడు.

మర్నాడు మనవరాలు మళ్ళీ ఫోనుతో వచ్చింది. జీపైనా కొండైనా నాకు సమ్మతమే, ముందొక మాట చెప్పండి అన్నాను. చిన్నోడు ముందు నడవాలి, వాడి వేగమే అందరి వేగం, అందుకు ఒప్పుకుంటారా అని అడిగాను. సరే అన్నారు. చివర ఎవరు నడుస్తారని అడిగాను.

"గైడ్ ఉంటాడవ్వా" అంది మనవరాలు.

"గైడు ముందుంటాడు గదమ్మీ. నేనడిగేది చివర."

నా మోకాళ్ళు నన్ను ఎలాగూ అందరికన్నా వెనకనే నడిపిస్తాయి, కాబట్టి ఆ చోటుకు పోటీ లేదు. ఎక్కడికన్నది వాళ్ళు ఇంకా తేల్చుకోలేదు. నేను మాత్రం నిన్న సందు చివర చెప్పులు కుట్టేవాని దగ్గరికి వెళ్ళి, నా చెప్పులకు మడమల వైపు మందమైన తోలు ఎత్తుగా పెట్టి కుట్టించుకున్నాను. "అందరూ వేళ్ళ దగ్గర ఏయించుకుంటారు, నువ్వేందవ్వా ఎనకల అడుగుతాండావు" అని వాడు ఆశ్చర్యపోయాడు. నా నడక అట్లాంటిదిలే నాయనా అని చెప్పి, తొడుక్కుని చూసుకున్నాను. సరిపోయాయి.