మ్యాక్‌లో విండోస్, ఎదురుషాపులో పెళ్లిపత్రిక

వాదనలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. 2004లో మేడ్చల్‌లోని నా డీటీపీ షాపుకు మ్యాక్ కొన్నాను. తెలుగు సాఫ్ట్‌వేర్‌కు విండోస్ కావాలి, పీసీ కొనమని, పీసీతో డీటీపీ చేసే ఎదురుషాపు యాదగిరి చెబితే, మ్యాక్‌లోనే విండోస్‌ను నడిపే ఎమ్యులేటర్ ఉందని అతని నోరు మూయించాను.

ఓ ఉదయం శామీర్‌పేట మల్లయ్య తన కూతురి పెళ్లిపత్రిక కోసం వచ్చాడు. పన్నెండింటికి వర్జ్యం, ఆలోపు మొదటి పత్రిక గండిమైసమ్మ గుడిలో అమ్మవారి ముందు పెట్టాలి. ఎమ్యులేటర్‌లో నేను కీ నొక్కితే అక్షరం ఆవులించి, ఒళ్లు విరుచుకుని వచ్చేది.

“గీ మిషన్ ఉపాసముందా ఏందమ్మా?” అన్నాడాయన.

ప్రింట్ నొక్కగానే ఎమ్యులేటర్ బిగుసుకుపోయింది. అప్పటికే పదిన్నర.

సిగ్గు చంపుకుని మల్లయ్యను ఎదురుషాపుకు తీసుకెళ్లాను. పావుగంటలో ఆయన పత్రికతో బస్సెక్కాడు.

“నీ మ్యాకే గొప్పదక్కా. మాది ఉత్తగ పనిజేస్తదంతే,” అన్నాడు యాదగిరి.