రేడియం చిచ్చా

మా పక్కింటి చిచ్చా పోయి ఇవాళ్టికి వారం. బీర్కూర్ నుంచి బాన్సువాడకు స్కూటర్ మీద వస్తూ, పొద్దుగూకే వేళ రోడ్డు మీద ఆగి ఉన్న చెరకు ట్రాలీని వెనుక నుంచి గుద్దుకున్నాడు. దానికి వెనుక లైటు లేదు, ఎర్రగా మెరిసే రేడియం పట్టీ కూడా లేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో చెబుతాను.

ఆయన ఏళ్ల తరబడి ఈ దారిలోనే బస్సు నడిపాడు. నా పదో తరగతి పరీక్షనాడు నేను ఆలస్యంగా లేస్తే, నా కోసం బస్సు ఆపి, నిండా ఉన్న జనంతో తిట్లు తిన్నాడు. రిటైరయ్యాక రేడియం చుట్ట జేబులో వేసుకుని తిరిగేవాడు. చాయ్ హోటల్ ముందు ట్రాలీ ఆగితే చాలు, తన రుమాలుతోనే వెనుక డోరు తుడిచి పట్టీ అంటించేవాడు. పది అడుగులు వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసుకునేవాడు. రేడియం చిచ్చా అని ఆటపట్టించేవాళ్లం.

"నవ్వుర్రి బిడ్డా. బ్రేకు తొక్కినంక ట్రాలీ కనబడితే ఏం ఫాయిదా?" అనేవాడు.

రెండేళ్ల కింద, ట్రాలీలకు పట్టీ, వెనుక లైటు తప్పనిసరి చేస్తామంటూ ముసాయిదా వచ్చింది. అభిప్రాయాలు పంపమన్నారు. ఆయన చెబుతుంటే నేనే రాసిపెట్టాను. బ్రేకు మాట కూడా రాయించాడు. పోస్టు చేసొచ్చి మా ఇంటిల్లిపాదికీ జిలేబీ పంచాడు. "ఇగ నా పని ఖతం. సర్కారే జూస్కుంటది" అని చుట్ట గూట్లో పడేశాడు.

కొన్ని నెలలకు పేపరు లోపలి పేజీలో నాలుగు వరుసల వార్త. వివిధ వర్గాల అభ్యంతరాల దృష్ట్యా ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారట. ఆ వర్గాలెవరో రాయలేదు. చిచ్చాకు చదివి వినిపించాను.

"మనం గూడ పంపినం గదా. అది సదివిండ్రా?" అన్నాడు.

మళ్లీ చుట్ట తీసుకుని బయల్దేరాడు. ఇదివరకు పెద్దాయన ముచ్చట అని ఊరుకున్న ట్రాలీవాళ్లే ఈసారి ఒప్పుకోలేదు. "సర్కారే వద్దన్నది గదా చిచ్చా, నీకేం ఫికర్?" అన్నారు. సర్కారు వద్దనలేదు, వెనక్కి తీసుకుంది. మాకు ఆ రెండూ ఒకటైపోయాయి. అసలు ఆ ముసాయిదానే రాకపోయి ఉంటే ఆయన పట్టీలు ఆయన అంటిస్తూ ఉండేవాడు.

సర్కారే వద్దన్నది గదా అని ఆయనతో మొదట అన్నది నేనే. నాకూ ఒక చెరకు ట్రాలీ ఉంది, దానికి అప్పుడే కొత్త రంగు వేయించాను, పట్టీ అంటిస్తే పాడవుతుందనుకున్నాను. ఆయన కోప్పడలేదు. "మంచిగున్నది బిడ్డా రంగు" అని చేత్తో నిమిరి వెళ్లిపోయాడు.

ఆయన గుద్దుకున్నది నా ట్రాలీ కాదు. అయినా నాకు ఊరట లేదు. పోలీసులు పట్టుకెళ్లిన ఆ ట్రాలీని, చెరకు ఎండిపోతుందంటే మూడో రోజే వదిలేశారు. నిన్న పొద్దుగూకుతుండగా మళ్లీ లోడుతో మా ఇళ్ల ముందు నుంచే పోయింది. తలుపు చాటు నుంచి చిచ్చా భార్య చాచీ, వాకిట్లోంచి నేను చూశాం. వేలాడే చెరకాకులు రోడ్డును ఊడుస్తూ కొంత దూరం కనబడ్డాయి. తర్వాత చప్పుడు మాత్రమే వినబడింది.